నా బ్లాగులో అమ్మమ్మ

ఈ రోజు పొద్దున్న ఒక తప్పు చేశాను. కొత్త తప్పయితే కొంత నయం. ఎప్పుడో పద్దెనిమిదేళ్ళ కిందట చేసి, తల దించుకుని, ఇక జన్మలో చెయ్యననుకున్న తప్పునే మళ్ళీ చేశాను. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు మేడంగారు ఒక ప్రశ్న వేశారు. "చేప తాజాదో కాదో ఎలా తెలుస్తుందండీ? నిన్న తెచ్చింది వండితే ఇల్లంతా ఒకటే వాసన." నేను కాఫీ తాగుతూ తాపీగా టైపు చేశాను. "చేపని కంటితో కొనకూడదండీ, బొటనవేలితో కొనాలి. నడుం దగ్గర నొక్కి వేలు తియ్యండి. పడిన గుంట పూడితే ఇవాళ్టి చేప. పూడకపోతే నిన్నటిది." రెండు నిమిషాల్లో గ్రూపంతా కదిలింది. "భలే చెప్పారండీ" అని ఒకరు, "మీకు తెలియనిది లేదు సార్" అని ఇంకొకరు. వాళ్ళందరికీ కలిపి చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. ఊరుకోవడమే తప్పు. ఎందుకంటే ఆ మాట నాది కాదు. నాది కాదని నాకు తెలిసినంత బాగా ఈ లోకంలో ఇంకొకరికి కూడా తెలుసు. ఆ ఇంకొకరు నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగి చూసి, "ఏవండీ, మీ అమ్మమ్మ మళ్ళీ లేచొచ్చిందేమిటి?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా ఆవిడ ఎత్తిపొడిచిన ఆ అమ్మమ్మ గురించి చెప్పాలంటే ముందు నా బ్లాగు గురించి చెప్పాలి.

రెండువేల ఆరు, ఏడు సంవత్సరాల్లో తెలుగువాళ్ళకి బ్లాగుల పిచ్చి పట్టింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెరమీద తెలుగు అక్షరాలు పడే విద్య అప్పుడే వచ్చింది. అప్పటిదాకా చిత్తుకాయితాల మీద రాసి పత్రికలకి పంపి, తిరుగుటపాలో తెప్పించుకుంటున్న మాబోటివాళ్ళకి అది వరం. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రాసుకోవడం, బటన్ నొక్కడం. నేను అప్పట్లో వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ మందుల కొట్టులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. పగలంతా మందుల పేర్లు కొట్టి, సాయంత్రం పటమటలో మా వీధి చివర నెట్ సెంటర్లో అద్దె కుర్చీలో కూర్చుని సాహిత్యం కొట్టేవాణ్ణి. ఏదో ఒకటి రాసేవాణ్ణి. బందరు కాలవ మీద చంద్రుడు, బస్టాండులో వాన, మనిషి ఒంటరితనం. ఒంటరితనం గురించి నాలుగు వ్యాసాలు రాశాను. ఇంట్లో మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, పక్క వాటాలో మా బావమరిది కుటుంబం. అంత సందట్లో ఆ ఒంటరితనం నాకు ఎక్కడ దొరికిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

బ్లాగు కింద ఒక మూల చిన్న లెక్కమీటరు ఉండేది. ఎంతమంది వచ్చి చూశారో అందులో అంకె మారుతూ ఉంటుంది. నా బతుకు ఆ అంకె చుట్టూ తిరిగింది. అది కదలనప్పుడు నా పేజీని నేనే మూసి తెరిచి, మూసి తెరిచి కదిలించేవాణ్ణి. అది చాలక పక్క కుర్చీలో ఎవరైనా లేచి వెళ్తే ఆ కంప్యూటర్లో కూడా నా పేజీ తెరిచి వచ్చేవాణ్ణి. తర్వాత ఇంకో మార్గం కనిపెట్టాను. కనిపించిన ప్రతి బ్లాగుకీ వెళ్ళి, "చాలా బాగుంది. నా బ్లాగు కూడా ఒకసారి చూడగలరు" అని వ్యాఖ్య పెట్టి, కింద నా లింకు తగిలించడం. "మీ పేజీలో నా లింకు పెడితే నా పేజీలో మీది పెడతాను" అని ముక్కూ మొహం తెలియని పాతికమందికి ఉత్తరాలు రాశాను. పెళ్ళిలో వడ్డన అయ్యేలోపు విస్తరి విస్తరికీ విజిటింగ్ కార్డు పంచేవాణ్ణి చూస్తే మనకి ఎలా ఉంటుందో, ఆ రోజుల్లో నన్ను చూస్తే బ్లాగరులకి అలా ఉండి ఉంటుంది. చదవడానికి తీరిక లేక చదవకుండానే పెట్టేవాణ్ణి ఆ వ్యాఖ్యలు. ఒకసారి ఒకావిడ తన తండ్రి పోయిన వారానికి ఆయన గురించి రాసుకుంటే దాని కింద కూడా "చాలా బాగుంది" అని పెట్టాను. ఆవిడ ఒక్క మాటే జవాబు రాసింది. "ఏం బాగుందండీ?" క్షమించమని రాశాను. ఆవిడ మళ్ళీ బదులివ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమూ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా వ్యాపారం ఏమిటో, అసలు వ్యాపారం ఏమిటో చూపించిన మనిషి ప్రతి ఆదివారం మా గుమ్మంలోకి వచ్చి కూర్చునేది. ఆవిడని మా ఆవిడ పిన్నీ అని పిలిచేది. మా ఆవిడ పిలిచింది కాబట్టి నాకూ పిన్నే. కొల్లేటి ఒడ్డు ఊరు. తెల్లవారకముందే మండవల్లిలో పాసింజరెక్కి, మధురానగర్ స్టేషన్లో దిగి, చుట్టకుదురు మీద సిల్వరు బేసిను పెట్టుకుని పటమట దాకా నడిచి వచ్చేది. మిగతా చేపలమ్మే ఆడవాళ్ళు వీధి మొదట్లోనే గొంతెత్తి కేకలు పెట్టేవాళ్ళు. పిన్ని కేక వెయ్యడం నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడకి వాడుక ఇళ్ళుండేవి, వీధికి నాలుగైదు. ఆ గుమ్మాల్లో బేసిను దించి, చెంగుతో మొహం తుడుచుకుని, "నీళ్ళియ్యమ్మా" అనేది. అంతే ఆవిడ ప్రచారం.

ఒక ఆదివారం చుట్టాలొస్తున్నారని మా ఆవిడ కొర్రమీను అడిగింది. పిన్ని బేసినులోకి చూసి పెదవి విరిచింది. "ఇయ్యాళ నాయి నీకు పనికిరావమ్మా. బాగా నలిగినయ్యి. రైతుబజారు గోడ పక్కన నీలం గుడ్డ పరుచుకుని ఒకావిడ కూర్చుంటది చూడు, ఆవిడకాడ బతికున్నయ్యి ఉన్నాయి. నేను పంపానని చెప్పు, మంచిది తీసిచ్చుద్ది." నేను వరండాలో పేపరు చదువుతూ ఆగలేక అడిగాను, "అదేంటి పిన్నీ, మీ బేరం మీరే అవతలావిడకి పంపిస్తే ఎట్లా?" అని. పిన్ని నన్ను బడికి సరిగ్గా వెళ్ళని మనిషిని చూసినట్టు చూసింది. "బేరం పోయిద్ది బాబూ, గుమ్మం పోదుగా! నలిగిన చేప అంటగట్టాననుకో, బేరం వచ్చిద్ది, గుమ్మం పోయిద్ది." ఆపైన చెప్పింది, ఆ నీలం గుడ్డావిడ కూడా ఎవరైనా బొమ్మిడాయలు అడిగితే పిన్ని దగ్గరికే పంపిస్తుందట. "ఆవిడ నాకు చుట్టమా పాడా? ఆవిడ చేప మంచిదని తెలుసు, చెప్పాను. దానికేమన్నా ఖర్చా?"

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదని చెబితే అతిశయోక్తి, సుబ్బరంగా తిన్నాను. కానీ మర్నాడు నెట్ సెంటర్లో కూర్చుని, ఆరు నెలలుగా నేను చేస్తున్నదంతా వీధి మొదట్లో నిలబడి కేకలు వెయ్యడమేనని గ్రహించాను. లింకులు ఇచ్చిపుచ్చుకుందామని రాసిన ఉత్తరాలు ఆపేశాను. అదే పనిగా నా పేజీ తెరవడం మానేశాను, కొంచెం కష్టంగానే. ఆ వారం నాకు నిజంగా నచ్చినవి నాలుగు వెతికి, ఎవరు రాశారో, ఎందుకు చదవాలో ఒక్కొక్క వాక్యం రాసి, వాళ్ళ గుమ్మాలకి దారి చూపించాను. తండ్రి పోయినావిడ రాసినదాన్ని ఈసారి నిజంగా చదివి, అది కూడా చెప్పాను. వాళ్ళలో ఎవరూ నాకు బాకీ లేరు, అయినా ఒకరొకరుగా రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు రెండేసి వాక్యాలు రాసి వెళ్ళేవాళ్ళు. ఒంటరితనం మీద రాయడం కూడా అప్పుడే మానేశాననుకుంటా. వ్యాఖ్యలు రాసేవాళ్ళు నలుగురుంటే ఆ సబ్జెక్టు మీద పట్టు ఉండదు.

ఇక చేపల గురించి రాయడం అక్కణ్ణించే వచ్చింది. పిన్ని కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తూ మాట్లాడేది. కొర్రమీను జిగురు పోవాలంటే బూడిదతో ఎలా తోమాలో, బుడమేరు కొత్త నీళ్ళు కొల్లేట్లోకి దిగినప్పుడు చేప ఎలా ఎదురెక్కుతుందో, పులుసు పొయ్యిమీద ఉన్నప్పుడు గరిటె పెట్టకుండా గిన్నె చెవులు పట్టుకుని ఎలా తిప్పాలో. ప్రతి మాటకీ ముందు ఒక తాళం తీసినట్టు ఒకే మాట అనేది: "మా అత్త చెప్పేది..." చేపని బొటనవేలితో కొనాలని అత్త చెప్పేది. పులుసు మర్నాటికిగానీ రుచి తేలదని అత్త చెప్పేది. అమ్మకానికి వెళ్ళిన ఇంట్లో మనిషి మొహం వాడి ఉంటే ముందు చేప మాట ఎత్తకూడదని కూడా అత్తే చెప్పేదట.

నేను అవన్నీ విని రాశాను. చాలా శ్రద్ధగా, ఒక్క మాట కూడా పొల్లుపోకుండా. ఒక్క పదం మాత్రం మార్చాను. "మా చేపల పిన్ని వాళ్ళ అత్త చెప్పేది" అని మొదట రాసుకున్న మాట నిజం. చదువుకుంటే పొడుగ్గా, చుట్టరికం తెగిపోయినట్టుగా అనిపించింది. ఆ రోజుల్లో ప్రతి బ్లాగులోనూ ఒక అమ్మమ్మ ఉండేది. అమ్మమ్మ ఉన్న పోస్టుకి వ్యాఖ్యలు రెట్టింపు. ఇది నేను నా లెక్కమీటరు మీద ప్రమాణం చేసి చెప్పగలను. అందుకని "మా అమ్మమ్మ చెప్పేది" అని మార్చాను. కారణం అదొక్కటేనని అప్పట్లో మా ఆవిడకి చెప్పాను. ఇంకొకటి ఉంది. నెత్తిన బేసినుతో తిరిగే మనిషి దగ్గర విద్య నేర్చుకున్నానని నలుగురిలో రాసుకోవడానికి నామోషీ వేసింది. అందరి గుమ్మాలకీ దారి చూపించిన పెద్దమనిషిని, నాకు ఆ సంగతి నేర్పిన మనిషి గుమ్మం మాత్రం చూపించలేదు.

తమాషా ఏమిటంటే, మా అసలు అమ్మమ్మ చేప ముట్టేది కాదు. మా తాతయ్య వైష్ణవ దీక్ష పుచ్చుకుని భుజాల మీద ముద్రలు వేయించుకున్నప్పటినించీ వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా నిషిద్ధం. చేపలబండి వీధిలోకి వస్తే ఆవిడ కిటికీ తలుపులు వేసి సాంబ్రాణి వెలిగించేది. అలాంటి మనిషి చేత నేను బూడిదతో కొర్రమీను తోమించాను.

ఆ పోస్టులతో నా బ్లాగు నిలదొక్కుకుంది. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే గట్టిగా నిలబెట్టింది ఒక పెద్దాయన. కాలవల శాఖలో లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, గుడివాడ వైపు ఉండేవారు. ఏ కాలవకి ఏ లాకు ఎప్పుడు ఎత్తేవాళ్ళో, పడవలు ఎలా దాటేవో, నాలుగు నాలుగు వాక్యాల్లో రాసే చిన్న బ్లాగు ఆయనది. అనవసరంగా మాట ఖర్చు పెట్టని మనిషి కావడంతో ఆయన దేన్నయినా మెచ్చుకుంటే జనం వెళ్ళి చూసేవాళ్ళు. ఒకరోజు ఆయన పేజీ పక్కన నా లింకు కనిపించింది. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. దాని కింద ఒకే వాక్యం: "ఇక్కడ ఒకాయన నిజం చెబుతున్నారు." ఆ వాక్యం పట్టుకుని వచ్చినవాళ్ళు కొందరు ఇప్పటికీ నా స్నేహితులు. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు ఛాతీ ఉబ్బేది, ఆ వెంటనే నేను మార్చిన ఆ ఒక్క పదం గుర్తొచ్చేది. మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని మజ్జిగ పోసుకుని దింపేసేవాణ్ణి.

ఆయన ఒక ఆదివారం మా ఇంటికి వస్తానన్నారు. పొద్దున్నే బస్సు దిగి, చేతిలో చక్రకేళీ అరటిపళ్ళ అత్తం, చంకలో ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. ఫైలులో నా పోస్టులన్నీ ప్రింటు తీసి కుట్టి ఉన్నాయి. "ఏమండీ బ్లాగు గారూ, నాకు తెరమీద చదివితే చదివినట్టుండదండీ" అన్నారు. నేను పొంగిపోయి కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. "ముందు అమ్మమ్మగారి ఫోటో చూపించండి, దణ్ణం పెట్టుకుని కూర్చుంటాను" అన్నారు. వంటింట్లో మూకుడు కిందపడ్డ చప్పుడు. మా ఆవిడకి నా కంటే ముందు అర్థమయింది, నా పని అయిపోయిందని. గోడమీద అమ్మమ్మ ఉంది, నుదుట నామంతో, మెడలో తులసి పూసలతో, సాంబ్రాణి చూపుతో. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "ఈవిడేనాండీ కొర్రమీను తోమింది?" నేను ఏదో గొణిగాను. ఏం గొణిగానో దేవుడికి కూడా వినబడి ఉండదు.

సరిగ్గా అప్పుడు గేటు చప్పుడయింది. "నీళ్ళియ్యమ్మా" అంటూ పిన్ని మెట్ల మీద బేసిను దించింది. ఏ ఆదివారమైనా ఆ టైముకే వస్తుంది కదా, నాకెందుకు తట్టలేదో తెలియదు. మా ఆవిడ నీళ్ళు పట్టుకెళ్ళింది. బయటినించి పిన్ని గొంతు స్పష్టంగా, వరండా దాటి, కిటికీ దాటి లోపలికి వచ్చింది. "చూస్తావేంటమ్మా, వేలు పెట్టి నొక్కు. మా అత్త చెప్పేది కాదూ, చేపని కంటితో కొనకే, బొటనేలితో కొను అని..." పెద్దాయన ఫైలు తెరిచారు. వేలు పెట్టి ఒక వాక్యం దగ్గర ఆగారు. బయట పిన్ని పలుకుతున్న మాటా, లోపల ఆయన వేలి కింద ఉన్న మాటా ఒకటే. ఆయన నావైపు చూడలేదు. ఫైలు కుర్చీలో పెట్టి, బయటికి వెళ్ళి, పంచె సర్దుకుని ఆవిడ పక్క మెట్టు మీద కూర్చున్నారు. "అమ్మా, మీ అత్తగారు ఇంకా ఏం చెప్పేవారు?" అని అడిగారు. అరగంట మాట్లాడుకున్నారు ఇద్దరూ. పిన్ని వాళ్ళ వైపు కాలవ మీది లాకుల్లో ఒకదానికి ఆయన కొన్నాళ్ళు కాపలా ఉన్నారట. "మీరు తలుపులెత్తితే మాకాడ గట్టు తెగేది" అని ఆవిడ దెబ్బలాడింది కూడా. ఆవిడ బేసిను ఎత్తుకుని వెళ్ళాక ఆయన లోపలికి వచ్చి, మెల్లగా, కోపం లేకుండా అన్నారు. "బ్లాగు గారూ, మీ అమ్మమ్మగారు బతికే ఉన్నారండీ. బేసిను నెత్తిన పెట్టుకుని పక్క వీధిలోకి వెళ్ళారు."

భోజనం చేశారు. పులుసు బాగుందన్నారు. వెళ్ళేటప్పుడు ఫైలు కుర్చీలోనే ఉండిపోయింది. మర్చిపోయారా, వదిలేశారా అని మా ఆవిడని అడిగితే, "అన్నేళ్ళూ లాకు తాళాలే మర్చిపోని మనిషి ఫైలు మర్చిపోతారా?" అంది.

ఆ వారమంతా నేను రోజుకి పదిసార్లు ఆయన పేజీ తెరిచాను, నా లింకు కింద ఆ వాక్యం ఉందా లేదా అని. ఉంది. తీసేసినా బాగుండేది. వాక్యం అలాగే ఉంది, అది అబద్ధమని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని నాకు తెలుసు. నాకు మిగిలిన దారి ఒకటే, ఆ వాక్యాన్ని నిజం చెయ్యడం.

తర్వాతి ఆదివారం పిన్నికి చెప్పేశాను. ఆ ఫైలే తెచ్చి మెట్ల మీద కూర్చుని చదివాను. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. "బాగానే రాశావు బాబూ. మరి మా అత్తేది?" అంది. చెప్పాను. ఆవిడ కత్తిపీట మడిచింది. "మా అత్తది పెద్ద నోరు. నన్ను తిట్టని రోజు లేదు. తిట్టి తిట్టి నేర్పింది. పోయాక చూసుకుంటే ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటి లేదు. ఈ మాటలే ఉన్నాయి. అయ్యి కూడా మీ అమ్మమ్మకి ఇచ్చేస్తే ఎట్టా?" అని లేచి వెళ్ళిపోయింది. నీళ్ళు కూడా అడగలేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు పిన్ని రాలేదు. నీలం గుడ్డావిడ వచ్చింది. "మీ పిన్ని ఈ గుమ్మం నన్ను చూసుకోమంది" అని చెప్పింది. బేరం పోవడం వేరు, గుమ్మం పోవడం వేరు అని పిన్ని అన్న మాట అప్పుడు నా గుమ్మంలోనే అర్థమయింది.

నేను పాత పోస్టులన్నీ వరసగా తెరిచి, అమ్మమ్మ అన్న ప్రతిచోటా కొట్టేసి, పిన్ని వాళ్ళ అత్తగారి పేరు రాశాను. ఆ పేరు మా ఆవిడకి తెలుసు, నేను అడగనే లేదు అంతకాలం. పైన ఒక కొత్త పోస్టు పెట్టాను. ఇవి ఎవరి మాటలో, నేను ఎందుకు మార్చానో, నామోషీ సంగతితో సహా రాశాను. కొందరికి కోపం వచ్చింది, న్యాయమే. "మీ అమ్మమ్మగారిని తలుచుకుని ఏడ్చాను, నా కన్నీళ్ళు వెనక్కివ్వండి" అని ఒకావిడ రాసింది. సగంమంది వెళ్ళిపోయారు. ఫైలులో ఉన్న ప్రింట్లలో కూడా పెన్నుతో కొట్టి, పైన పేరు రాసి, పెద్దాయనకి పోస్టులో పంపాను. కొత్త పోస్టు ప్రింటు తీసుకుని ఆదివారం తెల్లవారుజామున మా ఆవిడా నేనూ మధురానగర్ స్టేషనుకి వెళ్ళాం. పాసింజరు దిగిన ఆడవాళ్ళ మధ్య, బేసిన్ల మధ్య నిలబడి చదివాను. నలుగురూ చుట్టూ మూగారు. పేరు దగ్గరికి వచ్చేసరికి పిన్ని చెయ్యెత్తి ఆపింది. "అది ఇంకోసారి సదువు." చదివాను. "ఇంకోసారి." మూడుసార్లు చదివించి, పక్కావిడతో, "ఇన్నావా, మా అత్త కంప్యూటరెక్కింది. బతికుంటే దాన్ని కూడా తిట్టేది" అంది. బేసిను నేను ఎత్తి నెత్తిన పెట్టాను. ఆ రోజు మొదట మా గుమ్మంలోనే దించింది.

పది రోజుల తర్వాత పెద్దాయన పేజీలో నా లింకు కింద వాక్యం కొంచెం పెరిగింది. "ఇక్కడ ఒకాయన నిజం చెబుతున్నారు, ఆలస్యంగా అయినా." నా జీవితంలో నాకు వచ్చిన సర్టిఫికెట్లలో అంత సరైనది ఇంకొకటి లేదు. వెళ్ళిపోయిన సగం గురించి నాకు బాధ లేదు. ఉండిపోయిన సగం నేను ఏం రాసినా చదివారు. బాగాలేనప్పుడు బాగాలేదని చెప్పారు. నా పిల్లల పరీక్షలు, మా అమ్మ ఆపరేషను, అన్నీ వాళ్ళకి తెలుసు. తండ్రి పోయినావిడ ఒకరోజు నా పోస్టు కింద "బాగుంది" అని రాసింది. ఒక్క మాటే. నిజంగా చదివి రాసిందని తెలుసు కాబట్టి ఆ మాట నెట్ సెంటర్ కుర్చీలో చాలాసేపు నన్ను లేవనివ్వలేదు.

తర్వాత బ్లాగుల కాలం వెళ్ళిపోయింది. జనం ఫోన్లలోకి మారారు. నెట్ సెంటర్ ఉన్నచోట ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపుంది. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది, ఆయన పేజీ మాత్రం అలాగే ఉంది. పక్కన నా పేరు నొక్కితే ఇప్పటికీ నా గుమ్మం తెరుచుకుంటుంది. పిన్ని రావడం మానేసి కూతురి దగ్గర ఉంటోంది.

ఇంత జరిగినా ఈ రోజు పొద్దున్న చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను. మనిషికి బుద్ధి ఒకసారి వస్తే సరిపోదు కాబోలు, పాసింజరు బండిలా రోజూ రావాలి. మా ఆవిడ మాట అన్న పది నిమిషాలకి ఫోన్ తీసి పిన్నికి చేశాను. గొంతు సన్నబడింది, వినికిడి తగ్గింది, తెలివి అలాగే ఉంది. సంగతి చెబితే నవ్వింది. "మళ్ళీ మొదలుపెట్టావా? అయినా ఆ బొటనేలి మాట అత్తది కాదు బాబూ. అత్తకి వాళ్ళమ్మ చెప్పిందంట. నేను కాపరానికి వచ్చిన కొత్తలో అత్తే అనేది, మా అమ్మ చెప్పేది అని."

"మరి అప్పుడే చెప్పలేదేం పిన్నీ?"

"నువ్వు అడిగావా?"

ఆ తల్లి పేరేమిటని ఇప్పుడైనా అడిగాను. ఆవిడకి తెలియదు. చెప్పగలిగినవాళ్ళు ఇక లేరు.

ఈ కథనంలో ఇంతవరకూ ఎవరి పేరూ రాయలేదు. ఒక్కటి మాత్రం రాస్తాను, పొద్దున్న గ్రూపులో రాసినట్టే. "అందరికీ నమస్కారం. ఇందాకటి మాట నాది కాదు. కొల్లేటి ఒడ్డున చేపలమ్ముకుని బతికిన ముత్యాలమ్మగారిది. ఆవిడ కోడలు మా గుమ్మంలో కూర్చుని మాకు చెప్పింది. ముత్యాలమ్మగారికి వాళ్ళమ్మగారు చెప్పారట. వారి పేరు తెలియలేదు." మూడో అంతస్తు మేడంగారు "ఆవిడ ఇంకా ఏం చెప్పేవారండీ?" అని అడిగారు. ఆ మాట నేను ఇంతకు ముందు ఒక్కసారే విన్నాను, మా ఇంటి మెట్ల మీద, పెద్దాయన నోట. చేప మీద వేలిగుర్తు నిలిచిపోతే అది నిన్నటిదని తెలిసిపోతుంది. మాట సంగతి దానికి తలకిందులుగా ఉంటుందేమో, ఎన్ని వేళ్ళ గుర్తులు దానిమీద మిగిలితే అంత కాలం అది బతికున్నట్టు.